వెరావల్ రేవు, మన శ్రీకాకుళం పడవవాళ్ళు

(బీరంగూడలో మన విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఉద్యోగంలో చూసిన ఊళ్ళలో ఏదైనా ఒక ఊరి గురించి చెప్పండి" అని కార్యదర్శిగారు అడగగానే ఒప్పుకున్నాను. పెన్షను, డీఏ, మందుల బిల్లులు కాకుండా మరో సంగతి మాట్లాడే అవకాశం మన సమావేశాల్లో తరచుగా రాదు. నేను చెప్పబోయే ఊరు గుజరాత్‌లోని వెరావల్. బ్యాంకు ఉద్యోగిగా ప్రమోషను మీద 1993లో అక్కడికి వెళ్ళి 1996 దాకా పనిచేశాను. ఆ మూడేళ్ళలో నేను చేసిన ఒక పొరపాటు గురించి కూడా ఈ రోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. ఇంతవరకు మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

నేను పుట్టింది సదాశివపేట దగ్గర పల్లెలో. నాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే మంజీర. నలభై మూడో ఏట, పెట్టెలు సర్దుకుని, మీటర్ గేజి బండిలో వెరావల్ స్టేషన్‌లో దిగేదాకా సముద్రం చూడలేదు. సముద్రం కనబడకముందే దాని వాసన వచ్చింది. ఎండుచేపల వాసన, డీజిల్ వాసన, ఉప్పుగాలి మూడూ కలిసి. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "మూడేళ్ళా?" అంది. వారం తిరిగేసరికి ఆ వాసన ఉన్నట్టే తెలియలేదు.

ముందు ఆ ప్రాంతం స్వరూపం చెబుతాను. గుజరాత్ పటంలో అరేబియా సముద్రంలోకి పొడుచుకు వచ్చినట్టు కనిపించే ద్వీపకల్పమే సౌరాష్ట్ర. దాని దక్షిణపు ఒడ్డున వెరావల్ ఉంది. నేనున్నప్పుడు అది జునాగఢ్ జిల్లా. 2013 ఆగస్టు 15న గిర్ సోమనాథ్ పేరుతో వేరే జిల్లా చేసి వెరావల్‌ను కేంద్రం చేశారు. ఒకవైపు సముద్రం, మరోవైపు గిర్ అడవి, నడుమ సున్నపురాతి నేల. వానాకాలంలో ఆ తీరం ఎంత పచ్చగా ఉంటుందంటే, గుజరాత్ అంటే ఎడారి అనుకుని వచ్చిన నేను తెల్లబోయాను. కొబ్బరితోటలు, తాలాలా వైపు కేసర్ మామిడి తోటలు. అయితే బావుల్లో నీళ్ళు తోడేకొద్దీ సముద్రపు ఉప్పునీరు భూమి లోపలినుంచి వచ్చి చేరుతుంది. మేము అద్దెకున్న ఇంటి బావినీళ్ళతో పప్పు ఉడికేది కాదు.

వెరావల్‌కు నాలుగు మైళ్ళ దూరంలో ప్రభాసపట్టణం. అక్కడే సోమనాథ ఆలయం. ఇప్పటి గుడిలో ప్రతిష్ఠ 1951 మే 11న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారి చేతుల మీదుగా జరిగింది. గుడి ఆవరణలో సముద్రానికి ఎదురుగా ఒక స్తంభం ఉంది. అక్కడినుంచి తిన్నగా దక్షిణధ్రువం దాకా మధ్యలో నేల అనేది లేదని దాని మీద చెక్కి ఉంది. శ్రీకృష్ణుడికి బోయవాడి బాణం తగిలిన చోటు అని చెప్పే భాల్కా తీర్థం కూడా ఆ దారిలోనే. గజనీ మహమ్మదు దండయాత్ర మనమందరం బడిలో చదువుకున్నాం. బడిలో చెప్పనిది మరొకటి అక్కడ విన్నాను. 1264లో హోర్ముజ్ నుంచి వచ్చిన ఒక ఓడల వ్యాపారి అక్కడ మసీదు కట్టుకోవడానికి స్థానిక పెద్దలు నేల ఇచ్చిన సంగతి సంస్కృతంలోను, అరబ్బీలోను రాళ్ళ మీద చెక్కించారు. రేవు ఊరన్నాక పది దేశాల మనిషి వస్తాడు, పోతాడు. అందరితోనూ బేరం కుదరాలి.

మన హైదరాబాదు సంస్థానం వాళ్ళకు ఇంకొక పోలిక కూడా చెప్పాలి. జునాగఢ్ కూడా నవాబు ఏలుబడే. 1947లో ఆ నవాబు పాకిస్తాన్‌లో చేరుతున్నానన్నాడు. నవంబరు 9న భారత ప్రభుత్వం పాలన చేతిలోకి తీసుకుంది. మరుసటి ఫిబ్రవరిలో ప్రజల వోటు తీసుకున్నారు. మనకు 1948 సెప్టెంబరు ఎలాగో వాళ్ళకు ఆ నవంబరు అలాగ. మా శాఖలోని ముసలి క్యాషియరు ఆ రోజులు చెబుతుంటే నాకు మా నాన్న చెప్పిన కబుర్లు గుర్తొచ్చేవి.

ఇక మనుషులు. సముద్రం మీద బతికేవాళ్ళు ముఖ్యంగా ఖార్వాలు, కోలీలు. ముస్లిం జాలరులూ ఉన్నారు. శ్రావణ పౌర్ణమినాడు, మనం జంధ్యాల పౌర్ణమి, రాఖీ అనుకునే రోజున, వాళ్ళు సముద్రంలో కొబ్బరికాయ సమర్పించి మొక్కుతారు. వ్యాపారులకు దీపావళికి పుస్తకపూజ. మరుసటి రోజు, అంటే కార్తీక శుద్ధ పాడ్యమి, వాళ్ళకు సంవత్సరాది. ఆ తర్వాత ఐదో నాడు మంచి బేరం చూసుకుని దుకాణం తెరుస్తారు. ఎంత పెద్ద షావుకారైనా, బంట్రోతైనా పేరు చివర 'భాయ్' తగిలించే పిలుస్తారు. ఆడవాళ్ళను 'బెన్' అంటారు. నన్ను మా శాఖలో మొదటి రోజునుంచీ 'రావ్‌భాయ్' అన్నారు. పప్పులో బెల్లం వేస్తారని మా ఆవిడ నెలరోజులు సణిగి, తర్వాత తనే వేయడం మొదలుపెట్టింది.

గిర్ అడవి పక్కన జాంబూర్ అనే ఊరుంది. అక్కడి సిద్దీలు ఎప్పుడో ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతి. చక్కని గుజరాతీ మాట్లాడతారు. మన హైదరాబాదులో ఏసీ గార్డ్స్ పేట ఆ జాతివాళ్ళ ఆశ్వికదళం పేరు మీదనే వచ్చింది. మన పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫాలోనూ వాళ్ళ చెయ్యి ఉంది. జాంబూర్‌లో ఆ డప్పు విని నేను "ఇది మా పాతబస్తీ చప్పుడే" అన్నాను. వాళ్ళు నమ్మలేదు.

మరొక విషయం కళ్ళతో చూశాను. ఆ రోజుల్లో వెరావల్ పడవలవాళ్ళు తిమింగల సొరను, బస్సంత చేపను, కాలేయంలోని నూనె కోసం వేటాడేవారు. 2001లో ప్రభుత్వం నిషేధించింది. చట్టంతోనే పని జరగలేదు. 2004లో రామకథ చెప్పే మొరారీ బాపు గారి చేత చెప్పించారు. ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లలాంటిది, దాన్ని చంపుతారా అని. దానికి 'వహాలీ', అంటే ముద్దులపిల్ల అని పేరు పెట్టారు. అదే పడవలవాళ్ళు తర్వాత తమ వల కోసి దాన్ని వదిలిపెట్టారు. పుట్టిల్లు అన్న మాటకు ఎక్కడైనా ఆ విలువ ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ రేవు నిండా మరపడవలే. ఏడెనిమిదిమంది ఎక్కి, మంచుగడ్డలు నింపుకుని, పది పదిహేను రోజులు సముద్రంలో ఉండి వచ్చేవారు. ఒక రోజు కౌంటరు దగ్గర నిలబడ్డ నలుగురు తమలో తాము మాట్లాడుకుంటున్న మాట నా చెవిన పడింది. "ఏటి సేద్దాం?" అని. తెలుగు! నేను లేచి నిలబడ్డాను. వాళ్ళు శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల వైపు వాడబలిజలు. నా తెలంగాణ మాట వాళ్ళకు సగమే అర్థమయ్యేది. వాళ్ళది నాకు అంతే. అయినా ఆ రోజు ఇద్దరమూ సొంతవాళ్ళు దొరికినట్టు సంబరపడ్డాం.

సొంత సముద్రం ఇంటి ముందు పెట్టుకుని దేశం ఆ చివరికి ఎందుకు వస్తున్నారని అడిగాను. వాళ్ళు చెప్పినది, తర్వాత అక్కడి మత్స్య పరిశోధన కేంద్రంలోని మిత్రులు చెప్పినది కలిపితే నాకు తెలిసింది ఇది. సముద్రం అడుగున తీరం నుంచి కొంత దూరం నేల ఏటవాలుగా, లోతు తక్కువగా ఉంటుంది. చేపలు ఎక్కువగా అక్కడే మేస్తాయి. ఉత్తరాంధ్ర దగ్గర ఆ మెట్ట పదుల కిలోమీటర్లతో సరి. గుజరాత్ దగ్గర వందల కిలోమీటర్లు. వాళ్ళకు మరపడవలు నిలిచే రేవులున్నాయి. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉండి కూడా అప్పటికి ఒక్క చేపల హార్బరు లేదు. కెరటాలు విరిగే ఇసుక మీదనుంచే తెప్ప తోసుకుపోవాలి. గాలి మారితే ఆ పూట పస్తు. అందుకని ఆగస్టులో రెండు మూడు రైళ్ళు మారి వెరావల్ చేరేవారు, వేసవిలో ఇంటికి పోయేవారు. వచ్చే ముందు పడవ యజమాని కొంత అడ్వాన్సు ఇస్తాడు. అది ఇంటి అప్పుకు పోతుంది. మిగతాది సీజను చివర లెక్క. పడవ నడిపించే పెద్దను అక్కడ 'తండేల్' అంటారు. ఈ మాట మీద 2025లో తెలుగు సినిమా కూడా వచ్చింది కనుక పిల్లలకు సైతం తెలుసు.

ఆ నలుగురిలో ఒక కుర్రాడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళు ఉంటాయి, 1994 మార్చిలో నా దగ్గరికి నాలుగు వేల రూపాయలు తెచ్చాడు. భార్యకు పంపాలన్నాడు. మనియార్డరు చేస్తే ఇరవై రూపాయలకు రూపాయి కమిషను, నాలుగు వేలకు రెండు వందలు. ఎందుకు దండగ, డ్రాఫ్టు తీసుకో, చవక అన్నాను. భార్య పేరు మీద డ్రాఫ్టు రాయించాను. దారిలో పోయినా ఎవరూ మార్చుకోకూడదని, భద్రత కోసమని, ఖాతాలోనే జమ కావాలనే రెండు గీతలు నా చేత్తో గీశాను. రిజిస్టరు పోస్టు కవరు మీద అడ్రసు కూడా నేనే రాసిచ్చాను. చాలా మంచిపని చేశానని ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పుకున్నాను.

ఆగస్టులో అతను తిరిగి వచ్చాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కాగితంలో మడతపెట్టిన ఆ డ్రాఫ్టే తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడుసార్లు ఎల్లింది బాబూ. ఖాతా ఉండాల అన్నారంట. ఖాతాకి తెలిసినోళ్ళ సంతకం ఉండాల అన్నారంట. మాకెవలు తెలుసు? మీరు కాయితం బాగానే ఇచ్చారు గానీ, అది డబ్బవనేదు."

వానలకు ముందు ఇంటికప్పు వేసుకోవాలని ఆమె నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి అప్పు చేసింది. డ్రాఫ్టుకు ఆరు నెలల గడువు దగ్గరపడుతోంది. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. నేను అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "మీ ఆవిడకు ఖాతా ఉందా?" ఇరవై ఏళ్ళ సర్వీసులో వేలమందిని అడిగిన ప్రశ్న అది. ఇతన్ని అడగలేదు. రూలు ప్రకారం నా తప్పు ఏమీ లేదు. ఏ తనిఖీ అధికారీ దాన్ని తప్పని రాయడు.

డ్రాఫ్టు రద్దు చేసి డబ్బు ఇచ్చాను. రద్దు రుసుము నా జేబులోంచి కట్టాను. అంతకంటే ముఖ్యం, అక్కడి శాఖ మేనేజరుగారికి స్వయంగా రెండు పేజీల ఉత్తరం రాశాను. ఆయనెవరో నాకు తెలియదు. మంచివారు. ఆమెకు ఖాతా తెరిపించారు. తర్వాత వెరావల్‌లో ఏడుగురు మనవాళ్ళకు పరిచయకర్తగా నేనే సంతకం పెట్టాను. "రావ్‌భాయ్, రేపు ఏదైనా అయితే?" అని తోటి ఆఫీసరు హెచ్చరించాడు. ఏమీ కాలేదు.

1996లో నాకు బదిలీ అయినప్పుడు రేవు దగ్గరి తమ గదిలో వాళ్ళు నాకు భోజనం పెట్టారు. మేము అద్దెకున్న వీధిలో చేప వండడానికి వీలులేదు. అంటే చేపల రాజధానిలో మూడేళ్ళూ చేప లేని ఇంట్లో కాపురం చేశాను. ఆ రోజు ఊరినుంచి తెచ్చుకున్న చింతపండు, ఎండుమిరపకాయలతో పులుసు కాచారు. ఆ కుర్రాడే వడ్డించాడు. ఆ తర్వాత అతన్ని చూడలేదు.

ఇక 2018 సంగతి. నవంబరు నెల మనకు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వాలి. నేనూ ఇచ్చి వచ్చాను. వేలిముద్ర రెండుసార్లు పడలేదని, నేను బతికి ఉన్నది యంత్రానికి నమ్మకం లేదని నవ్వుకున్నాను కూడా. ఆ నెల చివర్లోనే వార్త వచ్చింది. వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళను పాకిస్తాన్ గస్తీవాళ్ళు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారని. ఎక్కువమంది డి.మత్స్యలేశం చుట్టుపక్కలవాళ్ళు.

గుజరాత్ పడమటి కొసన సర్ క్రీక్ అనే పాయ ఉంది. దానిలో ఎవరి హద్దు ఎక్కడన్నది రెండు దేశాల మధ్య ఇంతవరకు తేలలేదు. అది తేలనందువల్ల సముద్రం మీది గీతా తేలలేదు. చేపలున్నది ఆ వైపే. నీళ్ళ మీద గట్టు రాయి పాతరు కదా. రాత్రి వల వేసినవాడికి ఏ నీళ్ళు ఎవరివో ఎలా తెలుస్తుంది? పట్టుకున్నాక పడవ పోతుంది. మనిషి ఎవరో, ఏ ఊరో కాగితాల మీద రుజువు కావాలి. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న ఎదుటి దేశం వాళ్ళ జాబితాలు మార్చుకుంటాయి. ఆ జాబితాలో పేరుంటేనే ఇంట్లోవాళ్ళకు ధైర్యం. మనం ఏడాదికొకసారి మనకోసం ఇచ్చే 'బతికి ఉన్నాడు' అన్న కాగితం కోసం ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పదమూడు నెలలకు పైగా అర్జీలు పట్టుకుని తిరిగారు. చివరికి 2020 జనవరి 6న ఇరవైమంది వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు.

టీవీలో ఆ ముఖాలు ఒక్కొక్కటే చూశాను. నా కుర్రాడు ఉంటే యాభైకి దగ్గరపడి ఉంటాడు. గుర్తుపట్టగలనా అనుకున్నాను. కొడుకులెవరైనా ఉన్నారా అని కూడా చూశాను. నాకేమీ తెలియలేదు. మూడు నెలలు తిరగకుండా కరోనా లాక్‌డౌన్ వచ్చింది. వెరావల్ రేవులో సుమారు నాలుగు వేలమంది మన రాష్ట్రాల మత్స్యకారులు పడవల్లోనే చిక్కుకుపోయారు. ఏప్రిల్ ఆఖరున బస్సుల్లో వాళ్ళను ఇళ్ళకు చేర్చారు. నేనున్నప్పుడు వాళ్ళు కొద్దిమంది. ఇప్పుడు వేలు.

వెరావల్ కథ బీరంగూడలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన గుట్ట మీద మల్లన్న గుడి మెట్ల దగ్గర నిలబడి చూస్తే చుట్టూ ఫ్యాక్టరీల పొగగొట్టాలు, కొత్త అపార్టుమెంట్లు కనిపిస్తాయి. పటాన్‌చెరు, పాశమైలారం షెడ్లలో పనిచేసేవాళ్ళు ఒడిశానుంచి, బీహారునుంచి, శ్రీకాకుళంనుంచి వచ్చినవాళ్ళు. వెరావల్‌కు మనవాళ్ళు ఎలాగో మనకు వాళ్ళు అలాగ. ఇప్పుడు డబ్బు పంపడం సులువే. 2014 తర్వాత జన్‌ధన్ ఖాతాలు వచ్చాయి. ఫోనులో నిమిషంలో పోతుంది. కానీ ఫారాలు తగ్గలేదు. ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌బుక్‌లో మరొకలా ఉంటే పీఎఫ్ డబ్బు రాదు. నామినీ పేరు రాయకపోతే ఇంటికి కష్టం వచ్చిన రోజున ఆ ఇల్లాలు ఎవరి బల్ల ముందో మూడుసార్లు తిరగాలి.

మనలో బ్యాంకువాళ్ళున్నారు, రెవెన్యూవాళ్ళున్నారు, టీచర్లున్నారు, ఫ్యాక్టరీల్లో పర్సనల్ విభాగంలో చేసినవాళ్ళున్నారు. జీవితమంతా ఫారాలు నింపాం, నింపించాం, తప్పులు పట్టి వెనక్కి పంపాం. మనకొచ్చిన విద్య అది. కనుక నాదొక మనవి. నెలకు రెండు ఆదివారాలు, ఉదయం పదినుంచి పన్నెండు దాకా, మన సంఘం గది తెరిచి ఉంచుదాం. ఎవరు వచ్చినా కూర్చోబెట్టి కాగితాలు చూద్దాం. ఖర్చు రెండు కుర్చీలు, నాలుగు పెన్నులు. మొదటి ఆదివారం నేను వస్తాను.

ఎదుటివాడు ఒక కాగితం పట్టుకుని వస్తే, దాన్ని ముందు ఇలా తెమ్మనకండి. "కూర్చో నాయనా, ఇది ఎవరికోసం?" అని అడగండి. నేను 1994లో ఆ మాట అడగలేదు.

ఇంకో మాట, ఇంకా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వనివాళ్ళు ఈ వారంలోనే ఇచ్చేయండి. సెలవు.